గెట్‌తో గట్టెక్కేదెలా?

ఈసారి ఉత్తరం రాసిన సోదరికి ముప్పై ఒక్క ఏళ్ళు. ఉమ్మడి ఖమ్మం జిల్లాలో ఒక పల్లె. పదో తరగతి దాకా తెలుగు మీడియం, తర్వాత ఇంటర్, బీటెక్. హైదరాబాద్‌లో ఒక సాఫ్ట్‌వేర్ కంపెనీ సపోర్ట్ టీమ్‌లో ఏడేళ్ళుగా పని చేస్తున్నారు. ఇంట్లో భర్త, అత్తగారు, ఆరేళ్ళ పాప. పేరు వేయొద్దన్నారు, వేయడం లేదు. నాలుగు పేజీల ఉత్తరాన్ని కుదించి చెబుతున్నాను.

పనిలో ఆమెకు ఏ ఇబ్బందీ లేదు. సర్వర్ ఆగితే లోపం ఎక్కడుందో అందరికంటే ముందు పట్టుకునేది ఆమేనట. మెయిల్ చదవడం, రాయడం బాగానే వచ్చు. చిక్కల్లా సాయంత్రం ఏడున్నరకు అమెరికా వాళ్ళతో జరిగే కాల్‌లో, అందులోనూ ఒక్క మాట దగ్గర. ఆ మాట ‘గెట్’. “పెద్ద పెద్ద మాటలు వస్తే భయం లేదు సార్, ఈ చిన్న మాట వస్తేనే చెమటలు పడుతున్నాయి” అని రాశారు.

మూడు సంగతులు చెప్పారు. మొదటిది, క్లయింట్ తరఫు మనిషి హైదరాబాద్ వచ్చినప్పుడు టీమ్ అంతా హోటల్‌కి వెళ్ళారు. బిల్లు రాగానే ఆయన దాని మీద చెయ్యి పెట్టి “ఐ గాట్ దిస్” అన్నారు. బిల్లు ఆయనకు అర్థమైందని అంటున్నారేమో అనుకుని ఈమె మర్యాదగా “ఐ ఆల్సో గాట్ ఇట్ సర్” అన్నారు. ఆయన కంగారుపడి “నో, నో, ప్లీజ్” అంటూ గబగబా కార్డు తీశారు. పక్కనున్న జూనియర్ అబ్బాయి నవ్వు ఆపుకోలేకపోయాడు. ఆ తర్వాత వారం రోజులు ప్యాంట్రీలో ఎవరు కాఫీ కప్పు తీసుకున్నా “ఐ ఆల్సో గాట్ ఇట్” అనేవాళ్ళు.

రెండోది, మార్చిలో వచ్చిన మెయిల్. “కెన్ యు గెట్ దిస్ ఫిక్స్‌డ్ బై ఫ్రైడే?” అని. అది ఈమె పని కాదు, నెట్‌వర్క్ వాళ్ళు మార్చాల్సిన ఫైర్‌వాల్ సెట్టింగ్. అయినా తననే చేయమన్నారనుకుని పాపను అత్తగారి దగ్గర పడుకోబెట్టి కూర్చున్నారు. మూడు రాత్రులు పట్టింది, అయినా పని కాలేదు. శుక్రవారం కాల్‌లో అవతలి వాళ్ళు “నెట్‌వర్క్ టీమ్‌కి చెప్పలేదా?” అని ఆశ్చర్యపోయారు.

మూడోదే ఆమెను బాగా బాధ పెట్టింది. కిందటి నెల మేనేజర్ చాట్‌లో “యు గెట్ టు ప్రెజెంట్ ఆన్ థర్స్‌డే” అని పెట్టారు. ఇంకో చాకిరీ నెత్తిన వేస్తున్నారనుకుని, పాపకు ఒంట్లో బాగాలేదు, వేరేవాళ్ళకు ఇవ్వండి అని జవాబిచ్చారు. తీరా చూస్తే అది క్లయింట్ పెద్దల ముందు మాట్లాడే అవకాశం. హోటల్‌లో నవ్విన జూనియర్‌కే వెళ్ళింది.

అప్పటి నుంచి భయం పట్టుకుంది. ఒక పుస్తకం కొని, గెట్‌తో వచ్చే ఎనభై నాలుగు ప్రయోగాలు నోట్‌బుక్‌లో రాసుకుని ఎక్కాల్లా బట్టీ పట్టారు. కాల్‌లోకి వెళ్ళేసరికి అన్నీ కలగాపులగం. వారాంతాల్లో మూడు నెలలు నడిచే స్పోకెన్ ఇంగ్లీష్ కోర్సు ఉంది, ఫీజు 22,000. స్నేహితురాలేమో కాల్స్ లేని టీమ్‌కి మారిపొమ్మంటోంది. భర్త ఇంగ్లీష్ సీరియళ్ళు చూడమంటున్నారు. “కోర్సులో చేరనా, టీమ్ మారనా, తెలుగు మీడియం బతుకు ఇంతేనని సరిపెట్టుకోనా?” అన్నది ప్రశ్న. ఉత్తరం చివర ఒక ముక్క: “మొన్న పాపతో ‘లెట్స్ గెట్ డౌన్ ఫ్రమ్ ద బస్’ అంటే, ‘గెట్ ఆఫ్ అనాలి మమ్మీ, మా మిస్ చెప్పింది’ అంది. ఆ రాత్రి నాకు నిద్ర పట్టలేదు.”

అమ్మా, ఆ చివరి వాక్యం దగ్గరే మొదలుపెడతాను. నిద్ర పట్టలేదన్నారు. నిద్ర దేన్ని పట్టాలి? మీ ఉత్తరంలోనే చూడండి. లోపాన్ని పట్టుకున్నారు, చెమటలు పట్టాయి, మూడు రాత్రులు పట్టింది, భయం పట్టుకుంది, బట్టీ పట్టారు, నిద్ర పట్టలేదు. ఆరుచోట్ల ఒకటే మాట, ఆరు రకాల పని. ఇంట్లోకి వెళ్తే ఇనుముకు తుప్పు పడుతుంది, గోడకు బూజు పడుతుంది, పాపకు కిందటేడు గౌను పట్టడం లేదు, తొమ్మిదింటి బస్సు పట్టుకోవాలి, ఆయనకు ఇంటి సంగతులు పట్టవు. ఇవన్నీ మీకు ఏ మాస్టారు నేర్పారు? ‘పట్టు’కు ఎన్ని అర్థాలో నోట్‌బుక్‌లో ఎప్పుడైనా రాసుకున్నారా?

ఇంగ్లీష్ వాళ్ళకు గెట్ అలాంటిదే. పొద్దున లేచింది మొదలు నోట్లో నానే నాటు మాట. అసలు అది పుట్టుకతో ఇంగ్లీష్ మాట కూడా కాదు. ఉత్తరాది సముద్రాల మీంచి వచ్చి ఇంగ్లండులో స్థిరపడిన స్కాండినేవియా వాళ్ళ ‘గెటా’ నుంచి వచ్చింది. దే, టేక్, ఎగ్, స్కై, విండో అనే మాటలు కూడా వాళ్ళ దగ్గర నుంచి దిగినవే. చూడండి, అన్నీ వంటింటి మాటలు, వాకిలి మాటలు. ఇలాంటి పొట్టి మాటలే అర్థాలు ఎక్కువ మోస్తాయి. 1989లో వచ్చిన ఆక్స్‌ఫర్డ్ పెద్ద నిఘంటువు రెండో కూర్పులో ‘సెట్’ అనే ఒక్క క్రియకే 430 అర్థాలు ఇచ్చారు. అవన్నీ బట్టీ పట్టి మాట్లాడే ఇంగ్లీష్ మనిషి భూమ్మీద ఎవరూ ఉండరు.

మరి బీటెక్ చదివిన మీకు ఇన్ని పెద్ద మాటలు వచ్చి ఇది ఎందుకు రాలేదు? ఇందులో మీ తప్పు కంటే మా తప్పు ఎక్కువ. మా అంటే నాలాంటి ఇంగ్లీష్ మాస్టార్లది. జూనియర్ కాలేజీలో ఉన్నన్నాళ్ళూ పిల్లల కాంపోజిషన్‌లో ‘గాట్’ కనిపిస్తే ఎర్ర పెన్నుతో కొట్టేసేవాణ్ణి. అది బజారు మాట, ‘రిసీవ్డ్’ రాయి, ‘అబ్‌టెయిన్డ్’ రాయి, ‘బికేమ్’ రాయి అనేవాణ్ణి. ఒకసారి ఒక కుర్రాడు సెలవు చీటీలో “ఐ రిసీవ్డ్ ఫీవర్” అని రాసుకొచ్చాడు, జ్వరం రిజిస్టర్డ్ పోస్టులో వస్తే సంతకం పెట్టి తీసుకున్నట్టు. క్లాసంతా నవ్వాం. ఆ నవ్వు నా మీద నేను నవ్వుకోవాల్సిందని తెలియడానికి చాలా ఏళ్ళు పట్టింది. రాతలో గెట్ తగ్గించడం మంచి పద్ధతే, దరఖాస్తులోనో రిపోర్టులోనో రిసీవ్డ్ అంటేనే బాగుంటుంది. కానీ మాట్లాడేటప్పుడు అదే పట్టుకుని కూర్చుంటే వినేవాళ్ళకు గెజిట్ చదువుతున్నట్టు ఉంటుంది. మేము మీకు రాసే ఇంగ్లీష్ నేర్పి, మాట్లాడే ఉద్యోగానికి పంపాం.

ఇప్పుడు ఆ ఎనభై నాలుగూ పక్కన పెట్టి ఒక్క సంగతి చూద్దాం. తెలుగులో మనకు ఏదైనా జరిగితే మనం పక్కకు తప్పుకుని ఆ జరిగినదాన్ని ముందుకు తోస్తాం. నాకు జీతం వచ్చింది. నాకు జలుబు చేసింది. నాకు కోపం వచ్చింది. నాకు దెబ్బ తగిలింది. నాకు సీటు దొరికింది. నాకు పెళ్ళయింది. నాకు అర్థమైంది. వచ్చింది జీతం, చేసింది జలుబు, తగిలింది దెబ్బ. మనం ఎక్కడో ‘నాకు’ అని ఒక మూల నిలబడతాం. ఇంగ్లీష్ వాడు ఆ మూల నిలబడడు. ముందుకొచ్చి ‘ఐ’ అంటాడు, పక్కన గాట్ పెడతాడు. ఐ గాట్ మై శాలరీ. ఐ గాట్ ఎ కోల్డ్. ఐ గాట్ యాంగ్రీ. ఐ గాట్ హర్ట్. ఐ గాట్ ఎ సీట్. ఐ గాట్ మ్యారీడ్. ఐ గాట్ ఇట్. తెలుగులో రకరకాలుగా చెప్పినదంతా ఒకే సంచిలో వేశాడు.

కాబట్టి మీ మనసులో వాక్యం ‘నాకు’తో మొదలై, వచ్చింది, అయింది, దొరికింది, తగిలింది అని ముగిస్తే అక్కడ చాలావరకు గెట్ పనికొస్తుంది. అదే ‘ఉంది’తో ముగిస్తే గెట్ అక్కర్లేదు. నాకు కోపం వచ్చింది అంటే ఐ గాట్ యాంగ్రీ, నాకు కోపంగా ఉంది అంటే ఐ యామ్ యాంగ్రీ. ఏదో మారితే గెట్, ఉన్నది ఉన్నట్టుంటే యామ్. నాకు తెలుసు, నాకు ఇష్టం లాంటివి కూడా ఉన్న స్థితులే కాబట్టి వాటి దగ్గరకు గెట్ రాదు. ఇది అన్ని తాళాలకూ పట్టే చెవి కాదు, కానీ సగం తలుపులు తెరుస్తుంది. బ్రిటన్ వాళ్ళు మాత్రం ఉన్నదానికి కూడా వాడేస్తారు, ‘ఐ హావ్ గాట్ టూ బ్రదర్స్’ అని. అది వాళ్ళ అలవాటు. మీరు ‘ఐ హావ్ టూ బ్రదర్స్’ అంటే చాలు. ‘ఐ యామ్ హేవింగ్ టూ బ్రదర్స్’ అనకపోతే అదే పదివేలు.

ఇక మీ మూడు సంగతులు.

హోటల్‌లో ఆయనన్న ‘ఐ గాట్ దిస్’కు మన మాట “ఆగండి, నేనిస్తా”. ‘ఇది నా చేతిలో ఉంది, నేను చూసుకుంటా’ అని. బిల్లు దగ్గరే కాదు, కాల్‌లో ఏదైనా సమస్య వచ్చినప్పుడు ఎవరైనా ‘ఐ హావ్ గాట్ దిస్’ అంటే ఆ పని తన నెత్తికెత్తుకున్నట్టు. తలుపు కొట్టిన చప్పుడైతే ‘ఐ విల్ గెట్ ఇట్’ అంటారు, నేను తీస్తా అని. అయితే మీరు జవాబుగా చెప్పింది కూడా అర్థం లేని మాట కాదు, గమనించారా? ‘నేను కూడా ఇస్తాను’ అన్నట్టు వినపడి ఉంటుంది ఆయనకు. అందుకే కంగారుపడి కార్డు తీశారు. బిల్లు కోసం హోటల్‌లో కొట్లాడుకోవడం మన దగ్గర మర్యాదే కదా. తెలియకుండానే తెలుగింటి మర్యాద చేశారు.

మార్చి మెయిల్ సంగతి ఇంకా ఆసక్తిగా ఉంది. మీరు సెలూన్‌కి వెళ్ళొచ్చిన మీ ఆయన్ని అడిగితే “కటింగ్ చేయించుకున్నా” అంటారు. “కటింగ్ చేసుకున్నా” అనరు. చేయించు, కట్టించు, వేయించు, తీయించు. మనం చేసేదానికీ వేరేవాళ్ళతో చేయించేదానికీ తెలుగులో తేడా చంటిపిల్లలకు కూడా తెలుసు. బోరు వేయించాం అంటాం, మనమే వేసినట్టు చెప్పం. కానీ అదే మనిషి ఆఫీసుకెళ్ళి “ఐ కట్ మై హెయిర్” అంటాడు. ఇంగ్లీష్‌లోకి రాగానే కత్తెర తన చేతికొచ్చేస్తుంది. వాళ్ళు చెప్పేది ‘ఐ గాట్ మై హెయిర్ కట్’. ముందు గెట్, మధ్యలో వస్తువు, చివర అయిపోయిన పని. ఈ మూడూ ఇదే వరసలో కనపడితే మన ‘ఇంచు’ గుర్తు తెచ్చుకోండి. గెట్ దిస్ ఫిక్స్‌డ్ అంటే బాగు చేయించు. మధ్యలో మనిషి వస్తే ఇంకా తేలిక. ‘గెట్ హిమ్ టు సైన్’ అంటే అతనితో సంతకం పెట్టించు.

ఇక్కడ మీ తరఫున ఒక మాట. ‘గెట్ దిస్ ఫిక్స్‌డ్’ అన్నవాడు ఒక్కోసారి ‘ఎవరు చేస్తే నాకేం, శుక్రవారానికి అయిపోవాలి’ అనే అర్థంలో కూడా అంటాడు. నువ్వే చెయ్యి అనీ కావచ్చు, చేయించు అనీ కావచ్చు. రాసినవాడికి ఆ తేడా పట్టలేదు, ఎందుకంటే అతనికి కావలసింది ఫలితం. కనుక మీరు పూర్తిగా పొరపడ్డారని నేను అనను. ఆ మెయిల్‌ను మీతోపాటు చదివిన అమెరికా మనిషి కూడా అడగాల్సిన ప్రశ్న అది: ఎవరు చేయాలి? మూడు రాత్రులు పోయింది ఇంగ్లీష్ రాక కాదు, ఆ ఒక్క ప్రశ్న అడగక.

మూడోదానికి వస్తే, ‘యు గెట్ టు’, ‘యు హావ్ గాట్ టు’ అన్నవి కవల పిల్లల్లా ఉంటాయి, గుణాలు మాత్రం ఉత్తర దక్షిణాలు. మొదటిది దక్కడం, రెండోది తప్పకపోవడం. ‘ఐ గెట్ టు గో’ అంటే వెళ్ళే భాగ్యం దక్కింది. ‘ఐ హావ్ గాట్ టు గో’ అంటే వెళ్ళక తప్పదు. పిల్లాడు ‘టుడే ఐ గెట్ టు సిట్ ఇన్ ద ఫ్రంట్’ అన్నాడంటే ముందు సీటు దొరికిందని ఎగిరి గంతేస్తున్నాడు. మీ మేనేజర్ కూడా శుభవార్తే చెప్పారు. ఇదే గెట్ టు తర్వాత ఊరో వీధో వస్తే మటుకు చేరడం. ‘హౌ డు ఐ గెట్ టు అమీర్‌పేట్’ అంటే అమీర్‌పేటకు ఎలా చేరాలి అని. ‘డిడ్ యు గెట్ టు దట్ టికెట్?’ అంటే ఆ టికెట్ (సపోర్ట్ టీమ్‌కి వచ్చిన ఫిర్యాదు) దాకా వచ్చావా, దాన్ని ముట్టుకున్నావా అని. గెట్ టు తర్వాత పని వస్తే దక్కడం, చోటు వస్తే చేరడం. నూటికి నూరుపాళ్ళు కాదు, కాల్‌లో తడబడకుండా ఉండడానికి సరిపోతుంది.

వినడంలో ఇంకో తిరకాసు ఉంది, పుస్తకాల్లో చాలావరకు కనపడదు. అమెరికా వాళ్ళ నోట్లో రెండు అచ్చుల మధ్య ‘ట’ మెత్తబడి ‘డ’కు దగ్గరగా వస్తుంది. గాట్ ఇట్ అన్నది ‘గాడిట్’ అని, గాట్ టు అన్నది ‘గాడా’ అని వినిపిస్తాయి. మొదటిసారి విన్నప్పుడు గాడిదలో సగం వినపడ్డట్టయింది నాకు. ‘ఐ హావ్ గాట్’లో హావ్ దాదాపు మింగేస్తారు. మీకు అర్థం తెలియక కాదు, మీరు చదువుకున్న మాట మీకు వినపడక కొన్నిసార్లు తికమకపడి ఉంటారు. వాళ్ళు ‘గాటెన్’ అంటే కూడా బెదిరిపోకండి. ‘హాజ్ గాటెన్ వర్స్’ అంటే ఇంకా ముదిరింది అని. అది పాత రూపం, బ్రిటన్‌లో చాలావరకు వాడుక పోయింది, అమెరికాలో నిలిచింది. మనం రోజూ వాడే ‘ఫర్‌గాటెన్’లో దాని చుట్టం ఎలాగూ ఉంది.

తోకలు తగిలించుకున్న గెట్‌ల గురించి ఎక్కువ చెప్పను. మనమూ తోకలు తగిలిస్తాం. తిను వేరు, తినెయ్ వేరు. పడు వేరు, పడిపో వేరు. గెట్ బై అంటే ఎలాగో నెట్టుకురావడం, గెట్ ఓవర్ అంటే తేరుకోవడం, గెట్ త్రూ అంటే గట్టెక్కడం. ఎదురైనప్పుడు ఒక్కోటి ఇలా తెలుగు జాతీయానికి ముడేసుకోండి, నిలుస్తుంది. ఒక్కదాని గురించి మాత్రం హెచ్చరిక. ‘ఐ విల్ గెట్ బ్యాక్ టు యు’. దీన్ని మాటల లెక్కన తీసుకుని మళ్ళీ ఫోన్ చేస్తారని రెండు రోజులు ఎదురుచూడకండి. మన “చూద్దాంలెండి” ఎంత నమ్మకమో అదీ అంతే. అన్నవాళ్ళు ఎవరో చూసి నమ్మాలి. పని అవసరమైతే వెంటనే ‘బై వెన్?’ అని అడిగేయండి.

ఇక మీ ముందున్న దారులు.

నోట్‌బుక్ చించేయమనను, బట్టీ మాత్రం ఆపండి. ఎనభై నాలుగు అర్థాలు తలలో వరసగా పేర్చుకుంటే కాల్‌లో అవతలివాళ్ళు మాట్లాడుతుండగా మీరు లోపల పేజీలు తిప్పుతుంటారు. ఒక వాక్యానికి అర్థం వెతికేలోపు మూడు వాక్యాలు వెళ్ళిపోతాయి. ఇప్పుడు జరుగుతున్నది అదే. ఆ నోట్‌బుక్‌లోనే వెనక పేజీ నుంచి మొదలుపెట్టి, కాల్‌లో విన్న గెట్‌ను అది వచ్చిన వాక్యంతో సహా, పక్కన ఆ సందర్భంలో మీ అమ్మగారైతే తెలుగులో ఏమనేవారో రాయండి. రోజుకు ఒక్కటి చాలు.

కోర్సు సంగతి. పదిమంది ముందు నోరు తెరవడానికి జంకే వాళ్ళకు అలాంటి చోట బెరుకు పోతుంది, అది చిన్న లాభం కాదు. కానీ మీరు ఏడేళ్ళుగా రోజూ కాల్‌లో మాట్లాడుతున్నారు. మీ ఉత్తరం చదివితే బెరుకు మాట్లాడడంలో కాదు, అడగడంలో ఉన్నట్టుంది. చేరేముందు ఒక డెమో క్లాసులో కూర్చోండి. స్వీయ పరిచయం, టెన్సులు, గ్రూప్ డిస్కషన్ అయితే మీకు వచ్చినవే మళ్ళీ చెబుతారు. అమెరికా వాళ్ళ మాట వినిపించి, ఆపి, ఏమన్నారో చెప్పమని అడిగే క్లాసైతే ఆ 22,000 పెట్టొచ్చు. వారాంతాలు పాపవి కూడా అన్నది లెక్కలో వేసుకోండి.

టీమ్ మారడం తప్పేమీ కాదు, ఎందుకు మారుతున్నారో మీకు తెలిస్తే. సాయంత్రం ఏడున్నర కాల్ వల్ల పాపకు అన్నం పెట్టే వేళ పోతోంది, అందుకు మారతానంటే అది మంచి కారణం, ఎవరికీ సంజాయిషీ ఇవ్వక్కర్లేదు. గెట్ భయంతో మారితే కొన్నాళ్ళు హాయిగానే ఉంటుంది. తర్వాత ప్రమోషన్ మాట వచ్చేసరికి మళ్ళీ కాల్సే ఎదురవుతాయి, అప్పటికి చెవి ఇంకా మొద్దుబారి ఉంటుంది. ఉత్తరంలో మీరు పాప గురించి రాశారు గానీ, వేళల గురించి ఒక్క ఫిర్యాదు కూడా రాయలేదు. అది మీరే ఒకసారి తరచి చూసుకోండి.

మీ ఆయన చెప్పిన సీరియళ్ళ సలహా కొట్టేయదగింది కాదు, ఒక సవరణతో. తెలుగు సబ్‌టైటిల్స్ పెడితే చెవి నిద్రపోతుంది, కథ మాత్రం తెలుస్తుంది. కింద ఇంగ్లీష్ అక్షరాలే పెట్టుకుని పది నిమిషాలు చూసి, గెట్ వచ్చినచోట ఆపి, అదే వాక్యం పైకి అనండి. గంటసేపు ఊరికే చూడడం కంటే అది మేలు.

మీ జాబితాలో లేని దారి ఇంకొకటి ఉంది. ఉన్నచోటే ఉండి, విన్నదాన్ని మీ మాటల్లో తిప్పి చెప్పడం. ‘సో, షల్ ఐ ఆస్క్ ద నెట్‌వర్క్ టీమ్ టు ఫిక్స్ ఇట్?’ అని. ఇందులో గెట్ లేదు చూడండి, మీకు బాగా వచ్చిన మాటలే ఉన్నాయి. కాల్ అయ్యాక నాలుగు లైన్ల మెయిల్: ఎవరు ఏం చేయాలి, ఎప్పటికి. రాత మీ బలం కదా. దీనికి ఖర్చు లేకపోలేదు. మొదటి కొన్ని వారాలు కాల్ నత్తనడక నడుస్తున్నట్టుంటుంది, ఎవరో ఒకరు విసుక్కోవచ్చు, మీకే సిగ్గుగా ఉండొచ్చు. కానీ ఇది ఇంగ్లీష్ రానివాళ్ళు చేసే పనిలా కాక, జాగ్రత్త గల ఇంజనీర్ చేసే పనిలా కనిపిస్తుంది. నన్నడిగితే నా మొగ్గు ఇటే. మిగతావి దీనికి తోడుగా చేసుకోవచ్చు.

ప్రెజెంటేషన్ విషయంలో మీరు ఊరుకుంటే ఊరుకోవచ్చు, మళ్ళీ అవకాశం ఎప్పుడో వస్తుంది. అయితే మేనేజర్ మనసులో ఇప్పుడున్న మాట ‘ఆమెకు ముందుకు రావడం ఇష్టం లేదు’ అని. ఇంగ్లీష్ పొరపాటు కంటే మీకు ఎక్కువ నష్టం చేసేది అదే. ‘మీరు రాసింది డ్యూటీ అనుకున్నాను, అవకాశం అనుకోలేదు, ఇంకోసారి ఉంటే నేను చేస్తాను’ అని చెబితే ఒక్క నిమిషం ముఖం ఎర్రబడుతుంది. ఆ తర్వాత ఆయనకు కూడా తను రాసిన వాక్యం గుర్తొస్తుంది. మీ పాప జ్వరం సంగతి నిజమో కాదో నేను అడగను.

నవ్విన అబ్బాయిని ఒకసారి కాఫీకి పిలిచి, ‘గెట్ టు’కు ‘గాట్ టు’కు తేడా ఏమిటో అడగండి. చెబితే నేర్చుకోండి, నీళ్ళు నమిలితే కాఫీ మీరే ఇప్పించండి, ‘ఐ గాట్ దిస్’ అని.

బస్సు దగ్గర పాపతో వచ్చిన పేచీలో ఇద్దరూ గెలిచారు. మన దేశంలో కండక్టర్ నుంచి కలెక్టర్ దాకా అందరూ బస్సు ‘గెట్ డౌన్’ అనే అంటారు, అందరికీ అర్థమవుతుంది. బ్రిటన్, అమెరికా వాళ్ళు బస్సు, రైలు అయితే గెట్ ఆఫ్ అంటారు, కారు అయితే గెట్ అవుట్ ఆఫ్ అంటారు. పాప మిస్ ఆ పద్ధతి నేర్పింది. మీ పద్ధతి ఇక్కడిది. పాప మిమ్మల్ని దిద్దినందుకు నిద్ర చెడగొట్టుకున్నారు గానీ, ఆ పిల్లకు తెలియనివి మీ దగ్గర ఎన్ని ఉన్నాయో చూసుకోలేదు. ఈ రాత్రి పక్కన పడుకోబెట్టుకుని “గోడకు బూజు పట్టింది, గౌను పట్టలేదు, బస్సు పట్టుకున్నాం” అని ఒక్కోటి అడుగుతూ పోండి. ఎవరు ఎవరిని పట్టుకున్నారని అడుగుతుంది చూడండి. చివర “నిద్ర పట్టడం లేదు”ను ఇంగ్లీష్‌లో ఏమంటారో మీ మిస్‌ని అడిగి రమ్మనండి. రేపు సాయంత్రం వచ్చి చెబుతుంది: ఐ కాంట్ గెట్ టు స్లీప్.